కారు కొరికే మేస్త్రి

ముందు చక్రాల దగ్గర చప్పుడొస్తోందంటే చాలు, ఊళ్ళో సగం మంది కార్లను నేరుగా మేస్త్రి షెడ్డుకే తోలుకొస్తారు. మిగతా సగం మంది ముందు వేరే చోట్లకు వెళ్ళి, పాడైనవీ పాడవనివీ అన్నీ మార్పించుకుని, చప్పుడు మాత్రం ఎక్కడికీ పోక, చివరికి ఆ షెడ్డుకే చేరతారు. ఇది ఎప్పట్నుంచో నడుస్తున్న వ్యవహారమే. కాకపోతే ఒకప్పుడు మేస్త్రి చెవితో వినేవాడు. షెడ్డు ముందున్న స్పీడ్ బ్రేకర్ మీద కారు ఒక్కసారి ఎక్కి దిగితే, కూచున్న స్టూలు మీంచి లేవకుండానే "ఎడంవైపు లింక్ రాడ్డు" అనో, "కుడివైపు బుష్ అరిగింది" అనో చెప్పేసేవాడు. ఇప్పుడు కొరికి చెప్తున్నాడు.

కొరకడమంటే నిజంగా కొరకడమే. అతని దగ్గర చెక్క పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటుంది. బానెట్ ఎత్తి, దాని మొనను షాక్ అబ్జార్బర్ కూర్చునే చోట గట్టిగా ఆనించి, పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. కారు గలవాడు బండి మూలన నిలబడి దాన్ని పైకీ కిందికీ ఊపాలి. కాసేపటికి మేస్త్రి పిడిని వదిలి, నోరు తుడుచుకుని, తప్పేమిటో చెప్తాడు. తప్పు చెప్పడంలో తప్పు పోయింది ఇంతవరకూ లేదు.

ఈ కొరుకుడికి కారణం ఒక్కటే. మేస్త్రికి చెవులు పోయాయి. ఆ సంగతి లోకంలో తనకు తప్ప ఇంకెవరికీ తెలియదని అతని గట్టి నమ్మకం. పిల్లి కూడా కళ్ళు మూసుకుని పాలు తాగేటప్పుడు ఇలాగే అనుకుంటుంది.

దాచడానికి కారణం మేస్త్రి భార్య. రెండేళ్ళ కిందట ఓ రోజు, అతను కారు కింద పడుకుని పనిచేస్తుంటే, ఎవరిదో వ్యాను వెనక్కి వచ్చి అతని స్టూలును అప్పచ్చి చేసేసింది. కాళ్ళకూ చక్రానికీ మధ్య జానెడు దూరం. ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"అంత చప్పుడు చేసుకుంటూ వస్తే వినబడలేదా మీకు?"

అప్పటికింకా దగ్గర్నుంచి అరిస్తే కొంచెం వినబడేది. "వినబడింది. స్టూలే కదా అని ఊరుకున్నా" అన్నాడు మేస్త్రి.

"ఇవాళ స్టూలు. రేపు మీరు. మీ చెవులు పనిచెయ్యడం లేదని నాకు తెలిసిన రోజున ఈ షెడ్డుకి తాళం పడుతుంది. చెప్తున్నా!"

వేరే ఎవరైనా అంటే కోపంలో అన్నమాటలే అని కొట్టిపారెయ్యొచ్చు. ఆవిడ సంగతి వేరు. ఒకప్పుడు పక్కింటావిడతో జన్మలో మాట్లాడనని శపథం పట్టింది. ఆ పక్కింటావిడ ఇల్లు మారి ఎక్కడికో వెళ్ళిపోతే, అడ్రసు కనుక్కుని, వాళ్ళ కొత్త ఇంటికి వెళ్ళి, కుర్చీలో కాసేపు కూచుని, మాట్లాడకుండా తిరిగొచ్చింది. అలాంటి మనిషి నోట తాళం మాట వచ్చిందంటే తాళం పడ్డట్టే.

షెడ్డుకి తాళం పడితే మేస్త్రి ఏమవుతాడు? సెలవు రోజు గడవడమే అతనికి గండం. పొద్దున్న లేచి బాగున్న మిక్సీని ఊడదీస్తాడు. మధ్యాహ్నానికి తలుపు బందులు. సాయంత్రానికి మళ్ళీ బిగించేసరికి ఏదో ఒక మర మిగిలిపోతుంది. షెడ్డు లేకపోతే తనూ అలా మిగిలిపోయిన మరనే అని అతనికి తెలుసు. ఆ భయంతో చెవుల సంగతిని కడుపులో పెట్టుకుని కాపాడుకుంటూ వస్తున్నాడు.

దానికి తోడు, స్టూలు నుజ్జయిన వారంలోనే ఆవిడ తన కుట్టుమిషన్ తెచ్చి షెడ్డు గేటు దగ్గర వేసుకుంది. ఇంట్లో వెలుతురు లేదట. మేస్త్రికి తనను పట్టుకోవడానికే కాపు కాసిందని అర్థమైపోయింది. అప్పట్నుంచీ ఆవిడ పెదాలు కదిలితే చాలు, ఇతను తల ఊపుతాడు. పెదాలు చదవడం కొంత అలవాటైంది. చదవలేనప్పుడు గ్రీజు డబ్బా కోసం వెతుకుతున్నట్టు లోపలికి వెళ్ళిపోతాడు. ఆ షెడ్డులో గ్రీజు డబ్బాను వెతికినంతగా ఎవరూ ఏ నిధినీ వెతికి ఉండరు.

పళ్ళ విద్య అనుకోకుండా అబ్బింది. రెండు చేతులూ నట్టు మీదున్నప్పుడు స్క్రూడ్రైవర్‌ను నోట కరుచుకోవడం అందరు మేస్త్రులూ చేసేదే. అలా కరుచుకుని వంగినప్పుడు మొన వెళ్ళి ఇనుముకు తగిలింది. టక్! నడినెత్తిలో వినబడింది. చెవుల జోలికి వెళ్ళకుండా, పళ్ళలోంచి దవడలోకి, దవడలోంచి తలలోకి వచ్చేసింది చప్పుడు. పోయాడనుకున్న చుట్టం గుమ్మంలో నిలబడ్డట్టయింది మేస్త్రికి. బండ్ల కింద పనిచెయ్యడానికి తవ్విన గుంతలో కూలబడి, ఆనందం పట్టలేక భోరున ఏడ్చాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, పాపం దాన్ని కొరకడానికి ఎంత అవస్థ పడుతున్నాడో అన్నాడట. మేస్త్రి విషయంలో ఇది తిరగబడింది. ఇక్కడ చెవిటివాడే కొరుకుతున్నాడు, చెవులున్న ఊరంతా చూసి అపార్థం చేసుకుంది. మేస్త్రి కారు రుచి చూసి రోగం చెప్తాడని పుకారు పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు గానీ, పుట్టీ పుట్టగానే పరుగు మొదలెట్టింది. ఒకాయన కారును వాసన సబ్బుతో కడిగి మరీ తెచ్చాడు. ఒకావిడ రేడియేటర్ నీళ్ళు గ్లాసులో పోసి తెచ్చి, "ఒక్క గుక్క చూసి, పాడైందేమో చెప్పండి" అంది. బ్యాంకు ఉద్యోగి ఒకడు వినయంగా దూరంగా నిలబడి, కొరకడం పరగడుపున మంచిదా, తిన్నాక మంచిదా అని అడిగాడు. ఇంకొకాయన కిర్రుమంటున్న బీరువా మోయించుకొచ్చాడు, కొరకమని. పళ్ళ డాక్టరు ఒకాయన పని లేకపోయినా వచ్చి, మేస్త్రి నోట్లోకి తొంగిచూసి, తన కార్డు ఇచ్చి వెళ్ళాడు.

మేస్త్రి దేన్నీ కాదనలేదు. చెవుల గుట్టు దాగితే చాలు, జనం ఏమనుకుంటే ఏం?

రోజులు అలా సాఫీగా జరుగుతుండగా బావ వచ్చాడు.

బావంటే మేస్త్రి భార్యకు సొంత అన్నయ్య. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్ళను వీపు చూసి పట్టుకునేవాడని పేరు. మేస్త్రి ఆయన్ని బావా అంటాడు, ఆయనా మేస్త్రిని బావా అంటాడు, కానీ ఆయన అనేటప్పుడు మాత్రం అటెండెన్సు వేస్తున్నట్టుంటుంది. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఆయన మీసం. ఆ మీసం పై పెదవిని దాటి, కింది పెదవిని కూడా కప్పేసి, నోటికి తెర కట్టేసింది. మాట్లాడుతున్నాడని మీసం కదలికను బట్టి తెలుస్తుంది గానీ, ఏం మాట్లాడుతున్నాడో చదవడం ఎవరి వల్లా కాదు.

ఆయన కారు ఆయనంత పాతది. రంగేమిటో చూసి చెప్పలేం, కాగితాల్లో చూసుకోవాల్సిందే. కిలోమీటర్ల మీటరు చివరికంటా తిరిగి, మళ్ళీ సున్నా నుంచి బాల్యం మొదలుపెట్టింది. ముందు సీట్ల తలగడలు ఊడిపోయి ఇనుప కడ్డీలు మిగిలాయి. ఆ కారును షెడ్డులోకి తెచ్చి ఆపి, దిగి, బావ మీసం కదిలించడం మొదలుపెట్టాడు.

మేస్త్రికి ఒక్క ముక్కా అందలేదు. అదృష్టం కొద్దీ అతని భార్య మిషన్ దగ్గర్నుంచి లేచివచ్చి, అన్నకూ భర్తకూ మధ్య నిలబడి, అన్న అన్న ప్రతి ముక్కనూ భర్త మొహంలోకి చూస్తూ తిరిగి అనడం మొదలుపెట్టింది.

"ఎడంవైపు టక్కుమంటోందట! గతుకు చిన్నదైతే ఎక్కువట, పెద్దదైతే తక్కువట! లింక్ రాడ్లు మార్పించాట్ట! బుష్‌లు మార్పించాట్ట! షాక్ అబ్జార్బర్లు కొత్తవేనట! కింది ఆర్ములు కూడా మార్చారట! రెండు చోట్ల చూపించినా చప్పుడు పోలేదట! విన్నారా?"

"విన్నా" అన్నాడు మేస్త్రి. ఆవిడకు ఒకరు చెప్పింది మళ్ళీ చెప్పే చాదస్తం ఈ మధ్య ఎక్కువైందని లోలోపల విసుక్కున్నాడు కూడా.

బానెట్ ఎత్తి కొరికాడు. బావ బండిని ఊపాడు. ఏమీ లేదు. కొత్త సామానంతా బుద్ధిగా కూచునుంది. నిలబెట్టి ఊపితే రాని చప్పుళ్ళు కొన్నుంటాయి. అవి రోడ్డు మీద పరుగెత్తితేనే నోరు విప్పుతాయి.

"తిప్పుకొద్దాం బావా. మీరు తోలండి. నేను పక్కన కూచుని చూస్తా" అన్నాడు మేస్త్రి.

"నేనూ వస్తా" అంది భార్య, ఎవరూ పిలవకపోయినా. వచ్చి వెనక సీట్లో కూచుంది.

ముందు సీట్లో కూచుని మేస్త్రి కాళ్ళ దగ్గరి రబ్బరు పట్టా ఎత్తేశాడు. నడుం వంచి, తల డ్యాష్ బోర్డు కిందికి దూర్చి, స్క్రూడ్రైవర్ మొనను చక్రం వైపు ఇనుముకు ఆనించి, పిడిని కరిచాడు. రోడ్డు మీద వాళ్ళకు అతని వీపు మాత్రమే కనబడుతుంది. చౌరస్తాలో ఆగినప్పుడు పక్క బండిలో ఆయన జాలిపడి, వాంతులకు మంచిదని నిమ్మకాయ ఒకటి కిటికీలోంచి అందించాడు. బావ తీసుకున్నాడు.

చప్పుళ్ళలో మేస్త్రికి తెలియని జాతి లేదు. బాల్ జాయింట్ పోతే దబ్బుమని మెత్తగా మూలుగుతుంది. లింక్ రాడ్డుది పొడి దగ్గు. బుష్ ఎండిపోతే కుక్కపిల్లలా కుయ్యిమంటుంది. కారు గతుకుల రోడ్డులోకి తిరిగింది. చిన్న గతుకు. టక్! పళ్ళు జివ్వుమన్నాయి. ఇంకో గతుకు. టక్! ఆ టక్కు తోకలో సన్నగా, తీయగా, గంట మోగినట్టు ణింగుమని ఒక నాదం.

మేస్త్రి కళ్ళు తెరిచాడు. బిగించిన సామాను ఏదీ అలా మోగదు. మోగిందంటే అది వదులుగా ఉన్న ఇనుము. మంచి ఉక్కు. రెండు తలలూ గుండ్రంగా ఉన్న ఉక్కు. ఇంకో గతుకు. ణింగ్! అది తన రింగ్ పానా.

సొంత పిల్లల ఏడుపు గుర్తుపట్టని తండ్రులుంటారేమో గానీ, సొంత పానా మోత గుర్తుపట్టని మేస్త్రి ఉండడు. అంతా గుర్తొచ్చింది. కిందటిసారి ఈ కారు తన షెడ్డుకే వచ్చింది. కింద చేరి బోల్టులు బిగిస్తూ, పానాను ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలం మీద పెట్టాడు. మరిచాడు. కారు వెళ్ళిపోయింది. అది దూలం బోలులోకి జారిపడి ఉంటుంది. చెవులుంటే షెడ్డు ముందున్న స్పీడ్ బ్రేకర్ దగ్గరే తెలిసిపోయేది. ఆ పానా కనబడక, పక్క షెడ్డు వెల్డింగాయన కాజేశాడని తీర్మానించి, ఆయనతో కలిసి టీ తాగడం మానేశాడు. బావ మార్పించిన రాడ్లూ, బుష్‌లూ, ఆర్ములూ అన్నీ ఆ ఒక్క పానా పుణ్యమే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగా తనే, పట్టుకోవలసిన పోలీసూ తనే. పానా బయటికి తీస్తే అది ఎవరిదని బావ అడుగుతాడు. నీదైతే పడ్డ చప్పుడు వినలేదా అంటాడు. వెనక సీట్లో తాళం కూచునుంది. అలాగని తీయకపోతే, కారు చప్పుడు పట్టలేని మేస్త్రికి షెడ్డెందుకని అదే తాళం. మొత్తానికి ఎటు తిరిగినా తాళమే.

ముందు కాసేపు ఆలోచించుకోవాలి. ఇంకా వెతుకుతున్నట్టు నటిస్తూ స్క్రూడ్రైవర్‌ను అక్కడా ఇక్కడా ఆనించాడు. తలుపుకు. నేలకు. చివరికి తను కూచున్న సీటు కింది ఇనుప పట్టాకు.

"...ఎంత గట్టిగా అడిగినా లాభం లేదన్నయ్యా. ఆయనకు వినబడదు."

మేస్త్రి బిగుసుకుపోయాడు. తన భార్య గొంతు! దాదాపు రెండేళ్ళుగా పెదాల కదలికగా మాత్రమే మిగిలిన మనిషి గొంతు, నిమ్మళంగా, కొంచెం బొంగురుగా, తన తల మధ్యలో మాట్లాడుతోంది. ఆవిడ వెనక నుంచి ముందుకు వంగి, అతని సీటుకున్న ఇనుప కడ్డీ మీద గడ్డం ఆనించి అన్నతో మాట్లాడుతోంది. ఆ మాట కడ్డీలోంచి సీటులోకి, సీటులోంచి పట్టాలోకి, పట్టాలోంచి పళ్ళలోకి వస్తోంది. బావ జవాబులు మాత్రం రావడం లేదు.

"చెవులు పోయాయి. ఎప్పుడేంటి, స్టూలు నుజ్జయిన రోజునే నాకు తెలుసు."

బావ ఏదో అడుగుతున్నట్టున్నాడు.

"నిలదియ్యడమా! తెలిసిన రోజున తాళం వేస్తానని నోరు జారి చచ్చాను కదా. నాది మాటంటే మాటే. అందుకే తెలియనట్టు ఉండిపోయాను. నాకు తెలియకపోతే తాళం వెయ్యక్కర్లేదుగా."

కారు షెడ్డు దగ్గరికి వచ్చేసింది. మేస్త్రి పిడిని వదిలి, తల ఎత్తకుండానే చెయ్యి ఆడించాడు. "ఇంకో రౌండు తిప్పండి బావా. ఇంకా అందలేదు."

మళ్ళీ గతుకులు. మళ్ళీ ణింగ్. దాన్ని వదిలేసి మేస్త్రి సీటు పట్టాకే మొన ఆనించి పిడి కరుచుకున్నాడు.

"ఆ కొరుకుడు చూసి పిచ్చెక్కిందని అంటారేమోనని నాకే భయమేసింది. రుచి చూసి చెప్తాడని నేనే పుట్టించా. పొద్దున్న కూరలమ్మే ఆవిడ చెవిలో వేశా, సాయంత్రానికి ఎవరో బీరువా మోసుకొచ్చారు."

"ఇంకో రౌండు బావా!"

బావ తల తిప్పి చూశాడట, పెట్రోలు ఎవడబ్బ సొమ్మన్నట్టు. ఆ సంగతి కూడా ఆవిడ గొంతులోనే తెలిసింది. "పోనీలే అన్నయ్యా, తిప్పు. ఆయనకు ఏదో దొరుకుతున్నట్టుంది." తర్వాత బావ ఇంకేదో అడిగినట్టున్నాడు, మళ్ళీ అందుకుంది. "వెలుతురు కోసమా? నా మొహం, వెలుతురు ఇంట్లోనే ఎక్కువ. ఆయన గుంతలో దిగితే వెనక్కొచ్చే బండి తెలియదు. నేనక్కడ కూచుని ప్రతి బండినీ ఆపుతున్నా. చూపంతా రోడ్డు మీదుంటే కుట్టు ఎక్కడ పడుతుంది? మొన్న ఒకాయన చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశా. పాపం మంచివాడు, కొన్నాళ్ళు అలాగే వేసుకుంటానన్నాడు."

మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వితే పిడి జారుతుందని ఆపుకున్నాడు.

"భయం లేకేం? రోజూ భయమే. నిద్రలో కూడా బండ్లు వెనక్కే వస్తుంటాయి. కానీ తాళం వేస్తే ఈ మనిషి ఆ తలుపు ముందే కూచుని ఎండిపోతాడన్నయ్యా. అది నేను చూడలేను. దానికన్నా ఈ కాపలానే నయం."

నవ్వు ఎటు పోయిందో పోయింది. మేస్త్రి కళ్ళలోంచి నీళ్ళు తలకిందులుగా నుదుటి మీదికి జారి, ఎత్తిన రబ్బరు పట్టా మీద పడ్డాయి. తనను పట్టుకోవడానికి కూచుందనుకున్న మనిషి తనను కాచుకోవడానికి కూచుంది. అన్న మాటలను మళ్ళీ చెప్పింది చాదస్తం కొద్దీ కాదు, తనకు అందించడానికి. ఎంత దద్దమ్మ తను! భుజాలు కుదుపుకుంటున్నాయి. బావ గాభరాపడి కారు పక్కకు తీసి ఆపి, నిమ్మకాయ అతని మెడ వెనక నుంచి అందించాడు.

"షెడ్డుకి పోనివ్వండి బావా" అన్నాడు మేస్త్రి. "దొరికింది."

షెడ్డులో కారును గుంత మీద ఆపించి కిందికి దిగాడు. దూలం బోలులో చెయ్యి పెట్టగానే పానా తగిలింది. దాని మెడ మీద ఆకురాయితో తను గీసుకున్న రెండు గీతలు. చడీచప్పుడు లేకుండా జేబులో వేసుకోవచ్చు. ఏదో ఒక నట్టు పేరు చెప్పి, బిగించానంటే సరిపోతుంది. చప్పుడూ పోతుంది, పరువూ దక్కుతుంది. ఆవిడ ఎలాగూ తెలియనట్టే ఉంటుంది. అలాగే ఉండి, రేపూ ఎల్లుండీ గేటు దగ్గర కూచుని, జనం చొక్కాలకు చేతులు ఒకే వైపు కుడుతుంది. ఆ భయం అంతా ఒక్కతే మోస్తుంది.

పైకి వచ్చి పానాను బానెట్ మీద పెట్టాడు.

బావ దాన్ని చేతిలోకి తీసుకుని, కాపీ చీటీని తిప్పినట్టు అటూ ఇటూ తిప్పాడు. మీసం లేచింది. మేస్త్రి భార్య చటుక్కున ముందుకొచ్చింది. ఆవిడ పెదాలు స్పష్టంగా కదిలాయి. "ఆ రెండో చోటి వాళ్ళు మరిచిపోయి ఉంటారన్నయ్యా! ఎంత నిర్లక్ష్యం చూడు!"

"కాదు. నాదే" అన్నాడు మేస్త్రి. "గీతలు చూడండి బావా. నేనే మరిచాను. పడ్డప్పుడు నాకు వినబడలేదు. నాకు చెవులు వినబడవు."

వినబడనివాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆ ముక్క వీధి చివరిదాకా వెళ్ళింది. పక్క షెడ్డు వెల్డింగాయన పని ఆపి బయటికొచ్చాడు. మేస్త్రి ఆయన వైపు తిరిగి, "పానా నువ్వు తియ్యలేదు!" అని అంతే గట్టిగా చెప్పాడు. తనను దొంగనుకున్న సంగతే ఆయనకు అప్పుడు తెలిసింది. ఎటూ పాలుపోక, సరేనన్నట్టు తల ఊపాడు.

మేస్త్రి భార్య మొహం ఎర్రబడింది. ఇన్నాళ్ళూ తెలియనట్టు ఉండడానికి ఆవిడ పడ్డ పాట్లన్నీ ఈ మనిషి ఒక్క కేకతో గంగపాలు చేశాడు. ఇప్పుడిక ఊరందరి ముందూ తెలిసిపోయింది. ఆవిడ మొహం తిప్పేసుకుని గేటు దాటి రోడ్డు మీదికి నడిచింది.

మేస్త్రి తాళంచెవి తీసుకుని వెనకే పరుగెత్తాడు. ముందుకెళ్ళి నిలబడి, తాళంచెవి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "నీ మాట నువ్వు నిలబెట్టుకో. నువ్వు భయపడుతూ కూచోవడం నాకొద్దు. వెయ్యమంటే నేనే వేస్తా."

ఆవిడ తల వంచుకుంది. పెదాలు కదులుతున్నాయో, వణుకుతున్నాయో తెలియడం లేదు. ఏం చెప్తోందో ఆ ఒక్కటీ వినకపోతే తనకు బతుకు లేదనిపించింది మేస్త్రికి. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. మొన ఆవిడకు గుచ్చుకుంటుందని తిరగేసి, చెక్క పిడిని ఆవిడ గడ్డానికి మెత్తగా ఆనించి, ఇనుప కొసను తన పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

జనం పోగయ్యారు. మేస్త్రి కార్లను వదిలి భార్య రుచి చూస్తున్నాడేమిటని ఎవరో అన్నారు. బావ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయాడు.

"వెనక వ్యాను వస్తోంది. ఇటు జరగండి" అంది ఆవిడ.

వినబడింది. ప్రతి అక్షరం వినబడింది. స్క్రూడ్రైవర్ జారకుండా ఇద్దరూ మంచం మోసేవాళ్ళలా అడుగులో అడుగు వేసుకుంటూ రోడ్డు వారకు జరిగారు. వ్యాను వెనక్కి వస్తూ వాళ్ళను దాటి వెళ్ళిపోయింది.

"చెవులు పనిచెయ్యడం లేదని తెలిసిన రోజున తాళం వేస్తానన్నాను. అవునా?"

మేస్త్రి కొస కదలకుండా జాగ్రత్తగా తల ఊపాడు.

"ఇప్పుడు నేను జరగమంటే వినే కదా జరిగారు?"

మళ్ళీ ఊపాడు.

"మరింక తాళమేంటి నా తలకాయ!" అంది ఆవిడ. గొంతు పగిలింది, ఆ పగలడం కూడా అతనికి వినబడింది. తాళంచెవిని అతని జేబులోకి తోసేసి, ముక్కు తుడుచుకుని, ఇక మొదలుపెట్టింది. మిక్సీ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. గోడకు చెప్పుకున్నట్టు రెండేళ్ళు చెప్పుకున్నవన్నీ, చెప్పుకోనివన్నీ, తిట్లతో సహా ఒక్కొక్కటే తీస్తోంది. బావ కారు స్టార్టు చేసుకుని, స్పీడ్ బ్రేకర్ మీదుగా ఏ చప్పుడూ లేకుండా వెళ్ళిపోయాడు. చూసేవాళ్ళూ విసిగి ఎవరి దారిన వాళ్ళు పోయారు. మేస్త్రికి దవడ లాగేస్తోంది. నోరంతా గ్రీజు. అయినా పళ్ళు విప్పలేదు. విప్పితే ఆవిడ గొంతు పోతుంది.